పర్లాకిమిడి, గుణుపురం వైపు వాళ్లూ, "బ్లెండెడ్" ల్యాబ్ కోర్సుకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

మాది పర్లాకిమిడి. ప్లస్ టూ సైన్స్ అయ్యాక ల్యాబ్ టెక్నీషియన్ అవుదామని ఒక సెంటర్‌లో చేరాను, పేరు రాయను, రాస్తే కేసులంటారు. రెండేళ్ల డీఎంఎల్‌టీ, అంటే మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా, థియరీ ఫోన్‌లో, ప్రాక్టికల్స్ ఆసుపత్రిలో, అదే "బ్లెండెడ్" అట, ఇంట్లో ఉండే చదువుకోవచ్చు, హాస్టల్ ఖర్చు ఉండదు అన్నారు. ఆ చివరి మాటకే మా నాన్న పడిపోయారు. ఆ రోజే 40 వేలు కట్టేశారు.

థియరీ అంటే యాప్‌లో హిందీ రికార్డింగులు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివిన నాకు అందులో హీమోగ్లోబిన్ అన్న మాట ఒక్కటే తెలిసేది. డౌట్ అడుగుదామంటే వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ తప్ప ఎవరూ మెసేజ్ పెట్టకూడదు. సరే, పుస్తకం కొనుక్కుని ఎలాగో చదివాను. అసలు మోసం ప్రాక్టికల్స్‌లో.

ఏడాది మొత్తానికి ఆరు రోజులు. చీకటితో బస్సెక్కి బరంపురం వెళ్తే ఆసుపత్రి కాదు, ఒక చిన్న ప్రైవేట్ ల్యాబ్. పద్దెనిమిది మందిమి గోడవారన నిలబడ్డాం. రక్తం తీయడం నేర్చుకోడానికి ఒకే ఒక్క ప్లాస్టిక్ చెయ్యి, దాని రబ్బరు చర్మం అప్పటికే జల్లెడలా ఉంది, సూది ఎక్కడ గుచ్చినా పాత కన్నంలోకే దిగేది. నా వంతు ఒక్కసారే వచ్చింది. ఊదా మూత ట్యూబులో రక్తం పడగానే గడ్డకట్టకుండా ఎనిమిది, పదిసార్లు నెమ్మదిగా తలకిందులు చేయాలి కదా, అది వీడియోలో చూశాను, పరీక్షలో రాశాను, చేత్తో మాత్రం చేయలేదు. స్లైడ్ మీద స్మియర్, అంటే రక్తపు చుక్కని పల్చటి పొరలా లాగడం, ఇంట్లో గాజుముక్కల మీద కుంకుమ నీళ్లతో నేర్చుకున్నాను, నవ్వకండి. హాజరు పట్టీలో మాత్రం ఆరు రోజులకి అరవై సంతకాలు పెట్టించుకున్నారు.

మా వీధి చివర ల్యాబ్‌లో పార్ట్‌టైమ్ అడిగితే ఆయన ఇంటర్వ్యూ ఏమీ చేయలేదు, తన చెయ్యే చాపి "తియ్యమ్మా" అన్నాడు. రెండుసార్లు గుచ్చాను, నరం దొరకలేదు. పాపం, ఆయనే దూది పెట్టుకుని టీ ఇప్పించాడు.

వీడియో చదువు చెడ్డదని నేను అనను. మా పెదనాన్న కూతురు బీఎస్సీ నర్సింగ్ రెగ్యులర్‌గా చదువుతోంది, వాళ్లూ రాత్రి వీడియో చూస్తారు, కానీ మర్నాడు బొమ్మ మీద చేస్తారు, తర్వాత వార్డులో సిస్టర్ పక్కనుండి చేయిస్తుంది. మాకు వీడియో ఉంది, వార్డే లేదు.

2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికొచ్చే ఆరోగ్య కోర్సుల్ని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ 2025లో యూనివర్సిటీలకి చెప్పింది, ల్యాబ్ చదువులూ ఆ చట్టంలో ఉన్నాయి. ఇదే సెంటర్‌లో అడిగితే "మాది డిస్టెన్స్ కాదమ్మా, బ్లెండెడ్" అన్నారు. ఆ మాట ఎందుకు వాడుతున్నారో అప్పుడు అర్థమైంది.

డబ్బు వెనక్కి అడిగితే రసీదు చూసుకోమన్నారు. అందులో కోర్సు ఫీజు అని లేదు, "స్టడీ మెటీరియల్, యాప్ చార్జీ" అని ఉంది. కాబట్టి కట్టేముందు రసీదులో ఏం రాస్తున్నారో అక్కడే నిలబడి చదవండి. ప్రాక్టికల్స్ ఏ ఆసుపత్రిలో అని అడిగి, నేరుగా వెళ్లి అక్కడి ల్యాబ్‌లో పనిచేసేవాళ్లనే కనుక్కోండి, బస్సు చార్జీతో పోతుంది.

నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు పెట్టాను, ఇంకా ఏమీ తేలలేదు. మీలో ఎవరైనా ఇలాగే ఇరుక్కుని ఉంటే ఇన్‌బాక్స్‌లోకి రండి, హాజరు పట్టీ ఫోటో, రసీదు మాత్రం పారేయకండి.