సిరిల్ 1.2: స్టాకింగ్ అయ్యాక నేను తెరిచే సాఫ్ట్‌వేర్

తెనాలిలో నా పని పెళ్ళి ఆల్బమ్‌ల కలర్ కరెక్షన్. పొద్దున్నించి రాత్రిదాకా ఫోటోషాప్‌లోనే ఉంటాను కాబట్టి, ఆకాశం ఫోటోలకి కూడా అదే వాడతానని అందరూ అనుకుంటారు. ఆఖర్లో వాడతాను. స్టాక్ చేసిన, అంటే ఒకే చోటిని తీసిన చాలా ఫ్రేముల్ని ఒకటిగా కలిపిన ఫైలుని స్ట్రెచ్ చేయడం (మసక వెలుగుని కంటికి కనపడేలా సాగదీయడం), రంగులు సరిచేయడం మాత్రం సిరిల్‌లోనే. ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ దొరుకుతుంది. స్టాకింగ్ కూడా చేస్తుంది గానీ నేను దాని గురించి రాయడం లేదు. ఆ పనికి వేరే మంచివి కూడా ఉన్నాయి.

ఈ రివ్యూ కోసం పట్టుకున్న ఫైలు ఒరాయన్ నెబ్యులా, అంటే ఆకాశంలో వాయువు, ధూళి కలిసిన ఒక పెద్ద మబ్బు. మార్కాపురం అవతల నల్లమల అంచున మా బావమరిది పొలంలో తీసింది. పాత కెనాన్ 700డీ, 200 ఎంఎం, నక్షత్రాల కదలికతోపాటు కెమెరాని తిప్పే చిన్న ట్రాకర్, ఒక్కో ఫ్రేము 30 సెకన్లు. మా నాయనమ్మ గొల్లకావడి అనే ఆ మూడు చుక్కలకి కాస్త కింద మసగ్గా కనిపిస్తుందే, అదే. దాదాపు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఈ నెబ్యులా మధ్యలో ట్రెపీజియం అనే నక్షత్రాల గుంపు చుట్టూ వెలుగు దంచి కొడుతుంది, అంచుల్లో ధూళి మాత్రం ఆకాశం కంటే ఒక్క పిసరు ఎక్కువ. రెండూ ఒకే ఫోటోలో కనపడాలంటే సాఫ్ట్‌వేర్ సత్తా ఎంతో తేలిపోతుంది.

స్టాక్ ఫైలు తెరవగానే నల్లటి తెర, అక్కడక్కడా నాలుగు చుక్కలు. భయపడక్కర్లేదు. సెన్సర్ మీద ఎంత వెలుగు పడిందో అంకె కూడా అంతే ఉంటుంది, అందుకే సరుకంతా హిస్టోగ్రామ్‌లో (ఏ వెలుగు స్థాయిలో ఎన్ని పిక్సెళ్ళున్నాయో చూపే గ్రాఫు) ఎడమ చివర సన్నగీతలా ముడుచుకుని కూర్చుంటుంది. కింద ఉన్న మెనూలో ఆటోస్ట్రెచ్ ఎంచుకుంటే నెబ్యులా ఒక్కసారిగా బయటికొస్తుంది. కానీ అది కంటికి చూపించడం వరకే, ఫైల్లో ఒక్క అంకె కూడా మారదు. ఇది తెలియక అలాగే జేపెగ్‌లో సేవ్ చేసి "నల్లగా వచ్చిందేంటన్నా" అని అడిగే కుర్రాళ్ళు నాకు తరచూ తగులుతుంటారు. ఆ మెనూ పక్కనే గొలుసు గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని విప్పితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చానెళ్ళనీ విడివిడిగా సాగదీసి చూపిస్తుంది, ఫోటో మీదున్న ఆకుపచ్చ ఛాయ మాయమైనట్టే ఉంటుంది. నేను విప్పను. రంగు ఎంత తేడాగా ఉందో కనపడితేనే కదా సరిచేసేది!

ముందు బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్. నా ఫ్రేములో ఒక మూల మార్కాపురం వీధిదీపాల వెలుగు ఎక్కింది. సిరిల్ ఆకాశం మీద చిన్న చిన్న చతురస్రాలు పేర్చి, వాటిని బట్టి ఆ వెలుగు ఎలా వాలిందో లెక్కేసి తీసేస్తుంది. నెబ్యులా మీద, ధూళి మీద పడ్డ చతురస్రాల్ని రైట్ క్లిక్‌తో ఒక్కొక్కటీ ఏరెయ్యాలి. బద్ధకిస్తే వీధిదీపాలతోపాటు నెబ్యులా అంచులు కూడా పోతాయి. ఈ ఏరివేతకి నేను స్ట్రెచ్ కంటే ఎక్కువసేపు తీసుకుంటాను.

తర్వాత ఫొటోమెట్రిక్ కలర్ కాలిబ్రేషన్. నన్నడిగితే సిరిల్ దించుకోడానికి ఇదొక్కటి చాలు. పసుపు బల్బులు, ఎల్‌ఈడీ గోడ కలిసిన మండపంలో పెళ్ళికూతురి ఒంటిరంగు అసలు ఎంతో ఎవరు చెప్పగలరు? నేను అంచనా వేస్తాను, వాళ్ళమ్మగారు ఒప్పుకుంటే అదే రంగు. ఆకాశంలో అలా కాదు. ఫ్రేములో ఉన్న నక్షత్రాల రంగుల్ని ఖగోళ శాస్త్రజ్ఞులు ఎప్పుడో కొలిచి కేటలాగుల్లో పెట్టారు. ఫోకల్ లెంగ్త్ 200, పిక్సెల్ సైజు 4.3 మైక్రాన్లు అని ఇస్తే, సిరిల్ ఫోటో ఆకాశంలో ఏ ముక్కో గుర్తుపట్టి, నా ఫైల్లోని నక్షత్రాల్ని ఆ కేటలాగుతో పోల్చి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదాన్నీ ఎంతతో గుణించాలో తేలుస్తుంది. ఆ మూడు అంకెలూ లాగ్‌లో కనపడతాయి కూడా. పొలంలో సిగ్నల్ ఉండదు, కేటలాగు నెట్ నుంచి రావాలి, కాబట్టి ఈ పని ఇంటికొచ్చాకే.

ఇదంతా స్ట్రెచ్‌కి ముందే ఎందుకంటే, ఇప్పుడైతే చానెల్‌కి ఒక్క గుణకారంతో సరిపోతుంది. స్ట్రెచ్ అయ్యాక మసక భాగాలు ఒక లెక్కన, వెలుగు భాగాలు ఇంకో లెక్కన పెరిగి ఉంటాయి. అప్పుడు ఒకచోట రంగు సర్దితే ఇంకోచోట చెడుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. చాలామంది కలర్ కాలిబ్రేషన్ అవ్వగానే అలవాటుగా 'రిమూవ్ గ్రీన్ నాయిస్' కొట్టేస్తారు. ఒరాయన్ మీద నేను కొట్టను. నెబ్యులా గుండెలో కనిపించే ఆ లేత పచ్చ-నీలం నిజమైనదే, 500.7 నానోమీటర్ల దగ్గర ఆక్సిజన్ అయాన్లు ఇచ్చే వెలుగు అది. ఆకుపచ్చ మీద కత్తి పెడితే అదీ పోయి మధ్యభాగం బూడిదరంగుకి దిగుతుంది. అలాగే ఎరుపు తక్కువొచ్చిందని కాలిబ్రేషన్‌ని తిట్టొద్దు. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ సెన్సర్ ముందున్న ఫిల్టరే 656 నానోమీటర్ల హైడ్రోజన్ వెలుగులో చాలాభాగం ఆపేస్తుంది. అందని వెలుగుని ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టదు. నా ఫోటోలో అందుకే ముదురు ఎరుపు లేదు, గులాబీ ఉంది. నాకది బాగానే ఉంది.

ఇక స్ట్రెచ్. మూడు దారులున్నాయి. హిస్టోగ్రామ్ ట్రాన్స్‌ఫర్మేషన్ మన ఫోటోషాప్ లెవెల్స్ లాంటిదే, మిడ్‌టోన్ గుర్తు ఎడమకి లాగుతూ పోతే ధూళి లేస్తుంది, కానీ ఆపాటికి ట్రెపీజియం తెల్లమచ్చ. రెండోది ఆసిన్హ్, రంగుల్ని బాగా కాపాడుతుంది, నక్షత్రాలు తెల్లబడవు. గుత్తిగా ఉన్న నక్షత్రాలకి నేను అదే వాడతాను.

నెబ్యులాకి మాత్రం జీహెచ్ఎస్, అంటే జనరలైజ్డ్ హైపర్‌బాలిక్ స్ట్రెచ్. ఎక్కడ సాగాలో మనమే చెప్పొచ్చు, దాని గొప్పతనం అదే. ధూళి ఉన్నచోట మౌస్‌తో చిన్న డబ్బా గీసి, పిప్పెట్ గుర్తు నొక్కితే ఆ వెలుగు స్థాయి సిమెట్రీ పాయింట్ అవుతుంది. స్ట్రెచ్ ఫ్యాక్టర్ పెంచేకొద్దీ ఆ స్థాయి దగ్గరే కాంట్రాస్ట్ ఎక్కువగా పెరుగుతుంది. తర్వాత హైలైట్ ప్రొటెక్షన్. స్లైడర్ 1 దగ్గరే వదిలేస్తే గుండె వెల్లబారుతుంది. కొంచెం కొంచెం తగ్గిస్తూ పోతే తెల్లమచ్చలోంచి ముందు లేతపచ్చ, ఆ తర్వాత మబ్బు మడతలు తేలతాయి. మరీ తగ్గిస్తే గుండె చప్పబడి నెబ్యులా మొత్తం ఒకే మందాన కనిపిస్తుంది, అక్కడ ఆపి వెనక్కి రావాలి. ఒకేసారి లాగెయ్యకుండా, అప్లై కొట్టి, సిమెట్రీ పాయింట్ కొద్దిగా జరిపి, చిన్న మోతాదులో మళ్ళీ. కిందే నలుపులో ఎంత శాతం పిక్సెళ్ళు తెగిపోయాయో చూపిస్తుంది, ఆ అంకె మీద ఒక కన్నుంచుతాను. ఆకాశం కాటుకలా నల్లగా ఉండాలనే మోజు నాకు లేదు, 0.1 శాతం చుట్టుపక్కల ఉంటే ప్రింటులో కూడా ధూళి మిగులుతుంది.

ఒక్క మాట, ఫ్రేముల్లోనే ట్రెపీజియం వెలుగుకి సెన్సర్ నిండిపోయి ఉంటే జీహెచ్ఎస్ కూడా చేతులెత్తేస్తుంది. దానికి విడిగా పొట్టి ఎక్స్‌పోజర్లు తీసుకోవాలి.

నచ్చనివీ ఉన్నాయి. జీహెచ్ఎస్ కిటికీలో డీ, బీ, ఎల్‌పీ, హెచ్‌పీ అని పొడి అక్షరాలు చూస్తే కొత్తవాళ్ళకి పరీక్ష పేపర్‌లా ఉంటుంది. నేను వాడుతున్న 1.2లో లేయర్లు లేవు, మార్పు కావలసిన చోటే పడేలా మిగతాది కప్పే మాస్కులు లేవు. చేయి తిరిగిన ఫోటోషాప్ మనిషికి ఇది కుడిచెయ్యి కట్టేసినట్టే. నక్షత్రాలు తీసేసి నెబ్యులాని విడిగా స్ట్రెచ్ చేసే సదుపాయం ఉంది గానీ, దానికి స్టార్‌నెట్ అనే వేరే ప్రోగ్రాం దించుకుని సిరిల్‌కి దారి చూపించాలి. ఒకసారి కుదిరాక మాత్రం స్టార్ రీకాంపొజిషన్‌లో నెబ్యులా ఒక పక్క, నక్షత్రాలు ఒక పక్క పెట్టుకుని నక్షత్రాల్ని కావలసినంతే కలపడం హాయిగా ఉంటుంది.

నా పద్ధతిలో స్ట్రెచ్ అయ్యాక 16 బిట్ టిఫ్‌గా సేవ్ చేసి, మిగతా షోకులు ఫోటోషాప్‌లో. జేపెగ్ మీద లాగితే ఆకాశంలో చారలు వస్తాయి, ఆ పని చెయ్యకండి.

కంప్యూటర్ పెద్దది అక్కర్లేదు గానీ డిస్కులో ఖాళీ కావాలి. 18 మెగాపిక్సెళ్ళ ఫోటో, మూడు చానెళ్ళు, 32 బిట్లు అంటే ఒక్క ఫైలే 200 ఎంబీ పైన. మీరు చేసే ప్రతి మార్పుకీ వెనక్కి పోడానికి సిరిల్ ఒక్కో కాపీ డిస్కు మీద దాస్తుంది. నాలాగా పదేపదే సరిచూసుకునే రకమైతే ప్రిఫరెన్సెస్‌లో ఆ ఫోల్డరుని సీ డ్రైవ్ నుంచి మార్చేసుకోండి.