వంశ చరిత్ర వెతుక్కుంటూ కాకినాడ, చెన్నై, కాశీ, గయ: ఎక్కడ ఏం దొరికింది

మాది కోనసీమ. డొక్కల కరువులో గుంటూరు వైపు నుంచి గోదావరి దాటి వచ్చామని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే మాట. అంటే 1832-33, నందన నామ సంవత్సరం. ఆ మాటలో నిజమెంతో చూసి, మా వంశం గురించి ఒక చిన్న పుస్తకం రాసి పిల్లల చేతిలో పెట్టాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. అందుకోసం తిరిగిన ఊళ్ల గురించే ఇది. ఇదే పని మీద వెళ్లేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

అక్కడి పురోహితుల పుస్తకాల్లో పూర్వీకుల పేర్లుంటాయని చాలామంది ముందు కాశీ, గయ అనుకుంటారు. నన్నడిగితే ముందు ఇంట్లో పెద్దవాళ్లు, తర్వాత జిల్లా కేంద్రం, ఆ తర్వాతే మిగతావన్నీ. మా మేనత్తకు ఎనభై దాటాయి. “తాతయ్య తండ్రి పేరేమిటి అత్తయ్యా” అంటే ఒక్క పేరు చెప్పి ఊరుకుంది. “మన చేలు ఎక్కడెక్కడ ఉండేవి” అని అడిగేసరికి మాత్రం ఆగకుండా చెప్పింది: కాలవ గట్టు పక్క ఎవరి వాటా, ఆ మామిడితోట ఎవరి పెళ్లికి అమ్మారు, ఎవరి కోడలు పుట్టింటికి వెళ్లి తిరిగి రాలేదు. అదంతా ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. తర్వాత ప్రతి ఆఫీసులోనూ దారి చూపించింది ఆ రికార్డింగే.

కోనసీమ 2022లో విడి జిల్లా అయింది గానీ మా పాత కాగితాల కోసం కాకినాడ కలెక్టరేట్ రికార్డు రూముకే వెళ్లాల్సి వచ్చింది. అక్కడ మనిషి పేరు చెబితే పని జరగదు, సర్వే నంబరు కావాలి. ఇప్పటి నంబరు ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో దొరుకుతుంది. సబ్ డివిజన్ తీసేసి అసలు నంబరు పట్టుకుని ఆర్.ఎస్.ఆర్. అడగాలి. బ్రిటిష్ వాళ్ల రీసెటిల్‌మెంట్ రిజిస్టరు అది, డైగ్లాట్ అని కూడా అంటారు. మీ ఊరు ఒకప్పుడు జమీందారీ కింద ఉంటే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన ఎస్.ఎఫ్.ఏ. (సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్) అడగండి.

ఆ రిజిస్టరులో మా ముత్తాత తండ్రి పేరు, విస్తీర్ణం, మెట్టా పల్లమా, నీరు ఎక్కడి నుంచి, శిస్తు ఎంత, అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. నాకు ఇంకా విలువైనవి అనిపించినవి దాని పైవరుస, కిందివరుస. పక్క నంబర్లలో మా ఇంటిపేరే ఉన్న ఇద్దరున్నారు. అత్తయ్య చెప్పిన “విడిపోయిన అన్నదమ్ములు” వాళ్లే. కాబట్టి మీ నంబరు నకలు ఒక్కటే కాదు, చుట్టుపక్కల నంబర్లవీ తీసుకోండి. నకలుకు దరఖాస్తు పెట్టి, చలానా కడితే చాలు. బయట ఒకాయన “నేను తెప్పిస్తా” అని చాలా పెద్ద మొత్తం అడిగాడు. ఆ అవసరమే లేదు, లోపల రికార్డు చూసే ఉద్యోగి ఎంతో ఓపిగ్గా వెతికి పెట్టారు.

ఇన్ని కాగితాల్లో ఒక్క ఆడమనిషి పేరూ లేదు. అది నన్ను బాగా బాధపెట్టింది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మాత్రం ఒకటి దొరికింది. కంప్యూటర్ ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టిక, 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి పాత ఇండెక్సు పుస్తకాల్లో చేత్తో వెతికించాలి. అలా వెతికిస్తే పసుపు కుంకుమల కింద కూతురికి రాసిచ్చిన అరెకరం దస్తావేజు బయటపడింది. మా తాతయ్యకు ఒక అక్క ఉండేదని మాకు ఆ రోజే తెలిసింది.

కాకినాడలో ఉండడానికి మెయిన్ రోడ్డు లాడ్జీలు చాలు. నేను దిగినదాంట్లో తెల్లవార్లూ జనరేటర్ మోత, గది మాత్రం శుభ్రం. అద్దె వెయ్యి లోపే. రోడ్డు వైపు కాకుండా వెనక గది అడగండి. ఒక పూట సుబ్బయ్య హోటల్ భోజనానికి ఉంచుకోండి.

చెన్నైకి సర్కార్ ఎక్స్‌ప్రెస్ మంచిది, ఎగ్మోర్‌లోనే దింపుతుంది. తమిళనాడు ఆర్కైవ్స్ స్టేషన్‌కు దగ్గరే, గది కూడా అక్కడే తీసుకుంటే ఆటో ఖర్చుండదు. గుర్తింపు కార్డుతో పాటు ఏం వెతుకుతున్నామో వివరంగా రాసిన ఉత్తరం అడిగారు. మనవాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది జిల్లాల పేర్లు. 1859కి ముందు మా ప్రాంతం రాజమండ్రి జిల్లా, ఆ తర్వాత గోదావరి జిల్లా. గుంటూరు జిల్లాను 1859లో కృష్ణా జిల్లాలో కలిపేశారు, మళ్లీ 1904లో విడదీశారు. ఏ ఏడాది కాగితం కావాలో దాన్నిబట్టి జిల్లా పేరు మార్చి అడగాలి. కరువు మీద కలెక్టర్ల ఉత్తరాలు చదివాను, గుండె బరువెక్కింది. మావాళ్ల పేరు ఎక్కడా లేదు. సామాన్య రైతు పేరు ఆ ఉత్తరాల్లో ఉంటుందని ఆశపడకండి, ఆ కాలం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి వెళ్లండి. మా పుస్తకంలో గుంటూరు సంగతి “పెద్దలు చెప్పిన మాట” అనే రాశాను, కాగితంలో చూసినది వేరుగా రాశాను.

కాశీలో మానసరోవర్ ఘాట్ దగ్గరి ఆంధ్రా ఆశ్రమంలో దిగాము. మన భాష, మన భోజనం, గంగ నాలుగడుగుల దూరం. సందుల్లోకి ఆటో రాదు, సామాను మోసుకోవాలి, పెద్దవాళ్లుంటే ఆలోచించుకోండి. వంశం వివరాలు మాకు అక్కడేమీ దొరకలేదు. దర్శనానికే అయితే అంతకన్నా మంచి బస నాకు తెలియదు.

గయ సంగతి వేరు. రైలు దిగగానే “మీ పండా మేమే” అంటూ చుట్టుముడతారు. పండా అంటే అక్కడ కర్మ చేయించే పురోహితుడు. ఎవరి వెంటా వెళ్లకండి. ఏ జిల్లావాళ్ల బహీలు (వచ్చినవాళ్ల వంశం పేర్లు రాసే పుస్తకాలు) ఏ పండా ఇంట్లో ఉంటాయో విష్ణుపాదం దగ్గర అడిగితే చెబుతారు. దక్షిణ ఎంతో ముందే మాట్లాడుకోండి. మాకు ఒకాయన మొదట చెప్పినదానికి మూడింతలు అడిగాడు. మేము చివరికి వెళ్లిన ఇంటి పెద్దాయన మాత్రం కర్మ అయ్యేదాకా డబ్బు మాటే ఎత్తలేదు. కోనసీమ అంటే ఆయనకు తెలియలేదు, “గోదావరి జిల్లా, రాజమండ్రి” అనగానే గుడ్డ చుట్టిన పొడుగాటి పుస్తకం తెచ్చారు.

అందులో మా ఊరి పేరు కింద మా ముత్తాతగారి చేవ్రాలు కనిపించింది, తెలుగులోనే. ఎవరెవరికి పిండాలు పెట్టారో ఆయనే రాశారు: తండ్రి, తాత, ముత్తాత, వాళ్లతో పాటు తల్లి, నాయనమ్మ, నాయనమ్మ అత్తగారు. భూమి కాగితాల్లో ఎక్కడా లేని ఆ ముగ్గురి పేర్లూ అక్కడున్నాయి. పేరు పక్కనే పుట్టింటి ఊరు కూడా రాశారు. నేను ఆ పేజీ మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఏడ్చాను. ఫోటో తీసుకోమని ఆయనే అన్నారు. ఆ తర్వాత మా వరుస కింద నా పేరు, మా అమ్మ పేరు, మా అత్తయ్య చెప్పిన ఆడవాళ్లందరి పేర్లూ నా చేత్తో రాశాను.

బసకు భారత్ సేవాశ్రమ సంఘం ధర్మశాల సాదాగా, మర్యాదగా ఉంది. సౌకర్యం కావాలంటే బోధ్‌గయ హోటళ్లు నయం, కానీ తెల్లవారుజామునే కర్మకు రావాలంటే ఆ దూరం ఇబ్బందే. భాద్రపదంలో పితృపక్షానికి వెళ్తే జనం మధ్య బహీ తీరిగ్గా చూపించే వీలు ఎవరికీ ఉండదు. మామూలు రోజుల్లో వెళ్లండి.

వెళ్లేటప్పుడు మీ ఊరితో పాటు మీ నాయనమ్మ, అమ్మమ్మల పుట్టిళ్ల ఊళ్లు, ఆ జిల్లాల పాత పేర్లు రాసుకుని వెళ్లండి. ఆ ఊళ్ల కింద వాళ్ల అన్నదమ్ములు ఎవరైనా వచ్చి రాసి ఉండొచ్చు. మా ముత్తాతగారి తల్లి పుట్టిల్లు ఉన్న ఊరి పుస్తకం ఇంకో పండా ఇంట్లో ఉందట. వచ్చే మాఘంలో దానికోసం మళ్లీ వెళ్తున్నాను.