నాలుగేళ్ల వాడకం తర్వాత: చేతి ప్రైమింగ్ పరికరంలోని ఆ గోరంత తలుపు

పేల్చేసిన తూటాల గుల్లలను మళ్లీ నింపి వాడుకునేవాణ్ని నేను. ఒక్కో గుల్ల అడుగున ప్రైమర్‌ను, అంటే దెబ్బ తగలగానే పేలి తుపాకి మందును అంటించే చిన్న బిళ్లను, ఎక్కించేది ఈ చేతి ప్రైమింగ్ పరికరం. కొన్న ఏడాదికి దీన్ని మెచ్చుకుంటూ రాశాను. ట్రేలో ఒకేసారి వంద ప్రైమర్లు పోసి, మూత పెట్టి కాస్త ఊపితే అన్నీ ఒకే వైపు తిరుగుతాయనీ, పని చకచకా సాగిపోతుందనీ అప్పటి నా సంతోషం. ఇప్పటికి నాలుగేళ్లు గడిచాయి, పదివేలకు దగ్గరగా గుల్లలకు ప్రైమర్లు ఎక్కించాను. ఇప్పుడు అడిగితే ఆ వేగం గురించి ఒక్క మాట కూడా చెప్పను. ట్రేకీ, ప్రైమర్‌ను గుల్లలోకి నొక్కే కడ్డీకీ మధ్య గోరంత ఉక్కు తలుపు ఒకటి ఉంది. చెప్పవలసింది దాని గురించే.

మీటను పిడికిట్లో బిగించడం మొదలుపెట్టగానే ఆ తలుపు అడ్డుగా జరిగి, నొక్కుడు పడబోయే ఒక్క ప్రైమర్‌ను మిగతా వాటి నుంచి వేరు చేస్తుంది. మూడేళ్లపాటు నేను దాన్ని పట్టించుకోలేదు. అప్పుడప్పుడు పట్టేసి పని ఆపుతోందని విసుక్కున్నాను కూడా.

ఆ రోజు రైఫిల్ గుల్లలకు చిన్న ప్రైమర్లు ఎక్కిస్తున్నాను. శుభ్రం చేసిన వాటిలో సైన్యం కోసం తయారైన గుల్ల ఒకటి కలిసిపోయింది. అలాంటి వాటిలో ప్రైమర్ ఊడిపోకుండా, అది కూర్చునే గుంట అంచును లోపలికి అదిమి బిగిస్తారు. ఆ అంచును తొలగించిన తర్వాతే కొత్త ప్రైమర్ ఎక్కించాలి. ఈ సంగతి నాకు తెలుసు, అలాంటివన్నీ ముందే ఏరి పక్కన పెట్టాననే అనుకున్నాను. మీట సగం దూరం వెళ్లి ఆగింది. ఏదో అడ్డుపడుతోందని చేతికి స్పష్టంగా తెలిసింది. అక్కడే వదిలేసి గుల్లను బయటికి తీసి చూడవలసింది. చూడలేదు, ఇంకాస్త బలంగా నొక్కాను.

చెవులు గింగురుమన్నాయి. అంచుకు తగిలి పక్కకు ఒరిగిన ప్రైమర్ నలిగి పేలిపోయింది. గుల్లలో మందు ఇంకా పోయలేదు కాబట్టి పేలింది 4.45 మిల్లీమీటర్ల వ్యాసం గల ఆ బిళ్ల ఒక్కటే. అంత చిన్నదానికే గుల్ల మూతిలోంచి మంట పైకి లేచింది. పక్కలనుంచి చిమ్మిన మసి కళ్లద్దాల మీద నల్లటి చుక్కలుగా పడింది. ఆ అద్దాలు లేకపోతే ఆ చుక్కలు ఎక్కడ పడేవో వేరే చెప్పనక్కరలేదు. బొటనవేలు కాసేపు మొద్దుబారింది. పరికరాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి ట్రేలోకి చూశాను. అరవై దాకా ప్రైమర్లు తలకిందులై చెల్లాచెదురుగా పడి ఉన్నాయి, ఒక్కటి కూడా అంటుకోలేదు. తలుపు మీద మాత్రం మసి మరక, చిన్న సొట్ట.

ఆ సొట్టను చూశాకే నా చేతులు వణికాయి. తుపాకి మందు ఆరుబయట అంటుకుంటే భగ్గున మండిపోతుంది. ప్రైమర్‌లోని లెడ్ స్టిఫ్నేట్ మిశ్రమం అలా కాదు, దెబ్బ తగిలితే చాలు పేలుతుంది, పక్కనున్న ప్రైమర్‌నూ పేలుస్తుంది. ఒకదానికొకటి తగలకుండా వాటిని విడివిడి గడుల్లో పెట్టి అమ్మేది ఇందుకే. చోటు కలిసొస్తుందని వాటిని సీసాలోకి ఒంపి దాచేవారి సంగతి వింటే నాకు గుండె ఝల్లుమంటుంది.

అయితే ఈ తలుపుకూ హద్దులున్నాయి. మీట నొక్కి ఉన్నంతసేపే అది మూసి ఉంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. ట్రేను ఊపుతున్నప్పుడు దాని రక్షణ ఏమీ లేదు. పైగా పేలుడు తర్వాత భాగాలు విప్పి చూస్తే తలుపు జారే గాడిలో బూడిదరంగు పొడి పేరుకుని ఉంది. అది ప్రైమర్ల నుంచి రాలిన మిశ్రమమే, దానికదే ప్రమాదకరం. తలుపు పట్టేసేది కూడా దానివల్లే, నేను విసుక్కున్నది పరికరం మీద. ఇప్పుడు కూర్చున్న ప్రతిసారీ పని ముగిశాక ట్రేనూ గాడినీ తడిగుడ్డతో తుడిచి ఆరబెడుతున్నాను. వాక్యూమ్ క్లీనర్‌ను ఆ బల్ల దరిదాపులకు రానివ్వను. సీసం ఉన్న పొడి కాబట్టి చేతులు కడుక్కోకుండా ఏమీ ముట్టుకోను. వంద పడుతుందని నేను పొగిడిన ట్రేలో ఇప్పుడు ఇరవై ఐదుకు మించి పోయడం లేదు. గుల్ల మూతి ముఖం వైపు లేకుండా పట్టుకుంటాను. ప్రతి గుంట అంచునూ దీపం కింద చూశాకే ట్రే మూత తెరుస్తాను.

ఇంత జరిగినా దీన్ని వదలకపోవడానికి కారణం చేతికి తెలిసే ఆ స్పర్శ. ప్రైమర్ గుల్ల అడుగు మట్టం కంటే 0.08 నుంచి 0.13 మిల్లీమీటర్ల వరకు లోపలికి దిగాలి. పైకి పొడుచుకుని ఉంటే, ముఖ్యంగా తనంతట తాను తూటా ఎక్కించుకునే తుపాకుల్లో, ట్రిగ్గర్ నొక్కకముందే పేలే ప్రమాదం ఉంది. గుంట అడుగుకు తగిలి ఆగడం ఈ మీట ద్వారా వేళ్లకు తెలిసినంత బాగా బల్లకు బిగించి తూటాలు తయారుచేసే ప్రెస్సు పొడవాటి మీటతో నాకెప్పుడూ తెలియలేదు. ఆ రోజు కూడా ముందే తెలిసింది, నేనే వినలేదు.

మిగతా లోపాలు చిన్నవే. పెద్ద ప్రైమర్లకు మార్చాలంటే సగం పరికరం విప్పాలి. మీట ఇరుసు మూడో ఏట అరిగితే మార్చాను, సొట్టపడిన తలుపును కూడా మార్చాను.

నేను నెలకు రెండు వందల తూటాలకు మించి చేయను, ఒంటరిగా, తొందర లేకుండా కూర్చుంటాను, కాబట్టి ఇది నాకు సరిపోయింది. వేలల్లో చేసేవారు వాడే, ప్రైమర్లను గొట్టంలో నింపే ప్రెస్సులతో నాకు అనుభవం లేదు, పోల్చలేను. ఈమధ్య వంద దాటేసరికి బొటనవేలి కీలు నొప్పి పెడుతోంది. అది ఎక్కువైతే ఒక్కొక్క ప్రైమర్‌నే పెట్టి నొక్కే, బల్లకు బిగించే పరికరానికి మారతానేమో. ట్రే ఉన్నది మళ్లీ కొనవలసి వస్తే మాత్రం ముందు మూత విప్పి తలుపు ఎక్కడుందో, దేనితో చేశారో చూస్తాను.