డైట్ చార్ట్ కోసం చేరితే నోట్‌బుక్ చేతికిచ్చారు

ఆరు నెలల డైట్, వ్యాయామం ప్రోగ్రామ్ ఒకటి పోయిన నెలలో పూర్తి చేశాను. చేరే ముందు ఇలాంటివాటి రివ్యూలు చాలా వెతికాను. ఎంతసేపూ ఎన్ని కిలోలు తగ్గారు, ముందు ఫోటో, తర్వాత ఫోటో, అంతే తప్ప లోపల ఏం చేయిస్తారో రాసినవాళ్లు దొరకలేదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

దీనికి ముందు ఒక ఆన్‌లైన్ ప్యాకేజీ తీసుకున్నాను, పేరు వద్దులెండి. మొదటి రోజే నెల మొత్తానికీ చార్ట్ పంపేశారు, ఏ పూట ఏం తినాలో గ్రాములతో సహా. రెండు వారాలు తు.చ. తప్పకుండా పాటించాను, మూడో వారం ఆఫీసులో పని పెరిగి ఒక రోజు తప్పింది, మర్నాడూ తప్పింది, ఆ తర్వాత ఆ చార్ట్ తెరవాలంటేనే టెన్షన్. అటు నుంచి ఒక్క ఫోన్ రాలేదు. నాకే పట్టుదల లేదనుకుని చాలా రోజులు బాధపడ్డాను. లోపం ఆ పద్ధతిలో ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పాక ఈ రెండోదానిలో చేరాను. చార్ట్ అడిగితే ఇవ్వలేదు. నోట్‌బుక్ ఇచ్చి, వారం పాటు ఏమీ మార్చకుండా తిన్నది తిన్నట్టు, నడిచింది నడిచినట్టు రాసుకురమ్మన్నారు. వారం తర్వాత చూసుకుంటే భోజనం దగ్గర నేను తినేది ఎక్కువేం కాదు, సాయంత్రం ఇంటికొచ్చి వంటగదిలో నిలబడి తినేదే ఎక్కువ. ఇంకెవరైనా చెబితే గొడవపడేదాన్ని, నా చేతిరాతలోనే కనబడింది కాబట్టి ఒప్పుకున్నాను.

లక్ష్యాలు రెండే. ఉన్న బరువులో 7 శాతం తగ్గడం, వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం. ఇవి వాళ్లు సొంతంగా పెట్టిన అంకెలు కావు, షుగర్ వచ్చే ప్రమాదం ఉన్న 3,234 మందితో అమెరికాలో చేసిన పెద్ద పరిశోధనలోవి. 2002లో వచ్చిన ఆ ఫలితాల్లో, ఈ రెండు లక్ష్యాలతో సాగినవాళ్లలో కొత్తగా షుగర్ రావడం 58 శాతం తగ్గింది, షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర వాడినవాళ్లలో 31 శాతం. 82 కిలోలున్న నాకు 7 శాతమంటే ఆరు కిలోల లోపే. ఇరవై కిలోలు తగ్గిస్తామనే ప్రకటనలు చూసి చూసి, ఇంత చిన్న అంకె వినగానే నిజంగా ఊపిరి పీల్చుకున్నాను.

నాకు బాగా పనిచేసింది వారం వారం జరిగే కూర్చోబెట్టి మాట్లాడే క్లాసు. రేపటి నుంచి నడుస్తానంటే మా కోచ్ మేడమ్ ఒప్పుకునేవారు కాదు. ఏ టైముకు, ఎక్కడ, ఎంతసేపు, వాన పడితే ఏం చేస్తారు, అన్నీ రాయించేవారు. నేను రాత్రి భోజనం తర్వాత పది నిమిషాలతో మొదలుపెట్టాను. మరుసటి వారం నోట్‌బుక్ చూసి కుదిరితే పెంచడం, కుదరకపోతే ఎందుకు కుదరలేదో మాట్లాడి లక్ష్యాన్నే తగ్గించడం. తప్పిన వారం కూడా తిట్లు తినకుండా వెళ్లి కూర్చోగలగడం ఎంత పెద్ద విషయమో, మధ్యలో మానేసిన అనుభవం ఉన్నవాళ్లకు తెలుస్తుంది.

నాలుగో వారం ఇంట్లోవాళ్లను తీసుకురమ్మన్నారు. మా ఆయన వచ్చారు. “తినకు, తినకు అని కాపలా కాయకండి, నడకకు తోడు వెళ్లండి” అని ఆయనకు చెప్పారు. ఆ రోజు నుంచి రాత్రి నడక ఇద్దరిదీ అయింది.

2011లో, అప్పటికే వచ్చిన ఎన్నో సమీక్షలను కలిపి చూసిన ఒక పరిశోధన కూడా దాదాపు ఇవే చెప్పింది: తిండి, కదలిక రెండూ కలిపి పట్టించుకోవడం, అయినవాళ్ల తోడు, తరచూ కలవడం, లక్ష్యం పెట్టుకుని తన లెక్క తనే రాసుకోవడం. ఎక్కడ జరుగుతోంది, ఎవరు నడుపుతున్నారు అన్నదానికీ ఫలితానికీ స్పష్టమైన సంబంధం కనబడలేదట. కాబట్టి డబ్బు కట్టే ముందు హాలు ఎంత బాగుందో చూడకండి, నెలకు ఎన్నిసార్లు కలుస్తారో, ఒక వారం మీరు రాకపోతే ఎవరు ఫోన్ చేస్తారో అడగండి.

లోపాలూ ఉన్నాయి. కండరాల బలం పెంచే వ్యాయామాలు నాలుగో నెలకు గానీ మొదలుపెట్టలేదు. పెద్దవాళ్లు వారానికి కనీసం రెండు రోజులు అవి చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో కూడా చెప్పింది, అంత ఆలస్యం ఎందుకో అర్థం కాలేదు. ఇంకా పెద్ద లోపం, ఆరో నెల ముగియగానే అంతా ఆగిపోవడం. మొదట చెప్పిన 2002 నాటి పరిశోధన ఆధారంగా అమెరికాలో నడిచే కార్యక్రమం ఏడాది పాటు ఉంటుంది. మొదటి ఆరు నెలల్లో 16 క్లాసులు, తర్వాతి ఆరు నెలలు నెలకొకటైనా తప్పనిసరి. తగ్గిన బరువు మళ్లీ వచ్చేది సరిగ్గా ఎవరూ అడగని ఆ రోజుల్లోనే కదా!

నేను 5 కిలోలు తగ్గాను, మూడు నెలల సగటు షుగర్ (HbA1c) 6.1 శాతం నుంచి 5.6 శాతానికి వచ్చింది. ఐదుకి నాలుగు స్టార్లు. నెలకొక క్లాసు పెట్టమని మా బ్యాచ్‌లో అందరం రాసిచ్చాం, చూస్తామన్నారు. అప్పటిదాకా మేం నలుగురం ఆదివారం పొద్దున్నే కలిసి నడిచి, నోట్‌బుక్‌లు ఒకరివి ఒకరం చూసుకుంటున్నాం.