ఫిన్లాండ్ దుప్పి, నార్వే ధ్రువకాంతి: రెండు పాస్‌పోర్టుల పోలిక

పాస్‌పోర్టు లోపలి పేజీలను ముద్రలు వేయించుకునే ఖాళీ కాగితాలుగా చూడడం మనకు అలవాటు. 2012లో ఫిన్లాండ్ ప్రవేశపెట్టిన నమూనా, 2020 నుంచి నార్వే జారీ చేస్తున్న నమూనా మాత్రం ఆ పేజీలనే ప్రధాన ఆకర్షణగా మార్చాయి.

2012 నాటి ఫిన్లాండ్ పుస్తకంలో పేజీల అడుగుభాగాన, దుప్పిని పోలిన మూస్ అనే భారీ జంతువు బొమ్మ ఉండేది. పేజీకీ పేజీకీ దాని భంగిమ కొద్దికొద్దిగా మారేది కాబట్టి, అంచును బొటనవేలితో పట్టి గబగబా వదిలితే అది నిజంగానే నడిచిపోతున్నట్టు కనిపించేది. పరికరమేదీ అక్కర్లేకుండానే, పిల్లలకు సైతం ఇట్టే అర్థమయ్యేది.

నార్వే పద్ధతి వేరు. ఓస్లోకు చెందిన నియూ అనే డిజైన్ సంస్థ 2014లో పోటీలో గెలిచి రూపొందించిన ఈ పుస్తకంలో, మామూలు వెలుతురులో సన్నని గీతలతో గీసిన కొండలూ నీళ్లూ మాత్రమే కనిపిస్తాయి. అదే పేజీని అతినీలలోహిత దీపం కింద పెడితే పగలు రాత్రిగా మారి, ఆకాశంలో ఉత్తర ధ్రువకాంతులు వెలుగుతాయి. అలా వెలిగే సిరా నకిలీలను పసిగట్టే సాధనం కూడా కనుక, అందం, భద్రత ఒకే గీతలో ఇమిడిపోయాయి.

రెండు దేశాల రాజచిహ్నాల్లోనూ కిరీటం ధరించిన సింహమే ఉండడం మరో విశేషం; ఫిన్లాండ్ సింహానిది కత్తి, నార్వే సింహానిది గొడ్డలి.

పనితనంలో నా ఓటు నార్వేకే. అయితే ఆ దృశ్యాన్ని ఎక్కువగా చూసేది తనిఖీ అధికారి. విమానం ఆలస్యమైనప్పుడు ప్రయాణికుడికి కాలక్షేపమిచ్చింది మాత్రం ఫిన్లాండ్ మూసే.