నల్లగొండ కౌన్సెలింగ్ సెంటర్: గోడ మీద ఒకరి సర్టిఫికెట్, గదిలో ఇంకొకరు

నల్లగొండ టౌన్‌లోని ఈ సెంటర్‌కు దేవరకొండ, మిర్యాలగూడ, నకిరేకల్ నుంచి కూడా పిల్లల్ని తీసుకొస్తున్నారు. ఎక్కువమంది వచ్చేది ఐక్యూ టెస్టుకే. వికలాంగ సర్టిఫికెట్ కోసం పెట్టే సదరం క్యాంపుకు పోయే ముందు చేతిలో ఒక రిపోర్టు ఉండాలని వాళ్ల ఆరాటం.

కౌన్సెలింగ్ బాగుంది. తలుపేస్తే లోపలి మాట బయటికి రాదు, ఫైళ్లు బీరువాలో తాళంలో ఉంటాయి. మందులు అవసరమనిపిస్తే పెద్ద దవాఖాన సైకియాట్రీ ఓపీకి చీటీ రాసి పంపుతారు, తాము రాయరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఎవరి విద్య పరిధిలో వాళ్లు ఉండాలంటుంది. అది ఇక్కడ పాటిస్తున్నారు.

చిక్కంతా టెస్టు దగ్గరే. గోడ మీద, క్లినికల్ సైకాలజిస్టుల రిజిస్ట్రేషన్ చూసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఉంది. నంబరు, చెల్లుబాటు తేదీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆ పేరుగల మేడం హైదరాబాద్ నుంచి నెలకు రెండు శనివారాలే వస్తారు. మిగతా రోజుల్లో టెస్టు చేసేది ఎమ్మెస్సీ సైకాలజీ చదివిన అమ్మాయి. మేడం వచ్చినప్పుడు టైపు చేసిన రిపోర్టుల కట్ట ముందు పెడితే సంతకాలు పెడతారు.

ఎమ్మెస్సీ ఒక్కటే ఉంటే క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు. 2017 చట్టం చెప్పే మామూలు దారి, పీజీ తర్వాత రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎం.ఫిల్., అందులో పెద్దల పర్యవేక్షణలో క్లినికల్ శిక్షణ. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు చేస్తే 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం 13వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నేర్చుకునేవాళ్లు టెస్టు చేయడం తప్పేం కాదు. పైవాళ్లు బిడ్డను ఒక్కసారైనా చూడాలి, జవాబుల షీటు తిరగేయాలి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి. షీటు చూడని సంతకాన్ని పర్యవేక్షణ అనలేం.

షీటు ఎందుకంటే, బినే-కామత్ అనే ఐక్యూ టెస్టులో బిడ్డ అన్నిటికీ జవాబు చెప్పిన వయసు మెట్టు నుంచి, ఒక్కటీ చెప్పలేని మెట్టు దాకా పోవాలి. బిడ్డ విసుక్కుందని మధ్యలో ఆపితే పై మెట్ల మార్కులు పోతాయి. 96 నెలల బిడ్డకు మానసిక వయసు 72 నెలలు వస్తే, 72ని 96తో భాగించి వందతో గుణిస్తే, ఐక్యూ 75. ఆరు నెలల మార్కులు పోతే 69కి దిగుతుంది. 70 గీత కిందికి పోయినట్టే, బిడ్డ మీద బుద్ధిమాంద్యం ముద్ర పడుతుంది. టైపు కాగితంలో ఇదేం కనబడదు.

భాష సంగతీ రిపోర్టులో లేదు. దేవరకొండ తండాల పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. తెలుగులో అడిగి, ఆ మాట రాయకపోవడం అన్యాయం. బిడ్డ తన పనులు తాను ఎంతవరకు చేసుకుంటుందో చూసే వీఎస్‌ఎంఎస్ (వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్) ప్రశ్నలు రోజూ బిడ్డకు అన్నం పెట్టే మనిషిని కూర్చోబెట్టి అడగాలి. ఇక్కడ ఫారం చేతికిచ్చి నింపించుకుంటున్నారు.

నా మార్కులు: కౌన్సెలింగ్‌కు ఐదులో నాలుగు, టెస్టుకు రెండే. టెస్టుకు పోయేవాళ్లు మేడం వచ్చే శనివారమే బుక్ చేసుకోండి. ఎవరు చేస్తారు, ఎవరు సంతకం పెడతారు, ఆ మనిషి బిడ్డను చూస్తారా అని డబ్బులు కట్టకముందే అడగండి. రిపోర్టు కాపీ అడిగి తీసుకోండి, మీ రికార్డు చూసుకునే హక్కు చట్టంలోనే ఉంది. ఎంత మంచి రిపోర్టయినా అది వికలాంగ సర్టిఫికెట్ కాదు, ఆ సర్టిఫికెట్ ఇచ్చేది ప్రభుత్వ డాక్టర్లే.