లాంబ్డా థీటా ఆల్ఫా సభ్యత్వం: కట్టిన రుసుముకు దక్కేదేమిటి?

న్యూజెర్సీలోని ఎడిసన్ చుట్టుపక్కల స్థిరపడిన మా వంటి తెలుగు కుటుంబాలలో, పిల్లలు కళాశాలలో చేరిన మొదటి సంవత్సరంలోనే "అమ్మా, నేను సొరోరిటీలో చేరనా?" అన్న ప్రశ్న ఏదో ఒక ఆదివారం భోజనాల దగ్గర వచ్చి తీరుతుంది. కమలా హారిస్ తాను హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫా కప్పా ఆల్ఫా సభ్యురాలినని చెప్పుకొనే వరకు ఆ మాటకు అర్థమే తెలియని తల్లిదండ్రులు మాలో చాలామంది ఉన్నారు. గ్రీకు అక్షరాలను పేరుగా పెట్టుకొని, రహస్య దీక్షతో సభ్యులను చేర్చుకొని, జీవితాంతం అక్కచెల్లెళ్లుగా మెలగాలని కోరే విద్యార్థినుల సంఘమే సొరోరిటీ. మా అమ్మాయి స్నేహితురాలు ఒకరు లాంబ్డా థీటా ఆల్ఫాలో చేరినందువల్ల ఆ సంఘాన్ని కొంత దగ్గరగా చూసే అవకాశం నాకు కలిగింది. రుసుము చెల్లించి పొందే ఒక సేవగా దానిని తూచి చూడడమే ఈ సమీక్ష ఉద్దేశం.

మొదట దాని పుట్టుక చెప్పాలి, ఎందుకంటే ఈ సభ్యత్వంలోని మంచి, ఇబ్బంది రెండూ అక్కడి నుంచే వచ్చాయి. 1975 డిసెంబరులో, న్యూజెర్సీలోని యూనియన్ పట్టణంలో ఉన్న కీన్ కళాశాలలో 17 మంది యువతులు కలిసి దీనిని స్థాపించారు. అమెరికాలో లాటినా (లాటిన్ అమెరికా మూలాలున్న మహిళల) సొరోరిటీలన్నింటిలో ఇదే మొదటిది. లాటినో యువకుల సంఘమైన లాంబ్డా థీటా ఫై కూడా అదే నెలలో అదే కళాశాలలో పుట్టింది. నేడు విశ్వవిద్యాలయంగా ఉన్న కీన్, 1855లో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలగా నూవార్క్ నగరంలో మొదలై 1958లో యూనియన్‌కు తరలివచ్చిన ప్రభుత్వ విద్యాసంస్థ. పేరున్న పెద్ద విశ్వవిద్యాలయాల సరసన దానిని లెక్కించేవారు తక్కువ. 1967లో నూవార్క్‌లో జరిగిన అల్లర్ల తరువాత, పేద విద్యార్థులకు ఆర్థిక సహాయంతో పాటు చదువులో ఆసరా కూడా ఇచ్చే పథకాన్ని న్యూజెర్సీ రాష్ట్రం 1968లో చట్టం చేసింది. ఇటువంటి మార్పుల వల్ల, అంతకుముందు కళాశాల గడప తొక్కని ఇళ్ల పిల్లలకు ఉన్నత విద్య దారి కొంత వెడల్పయింది.

ఆ ఇళ్లలోని ఆడపిల్లల పరిస్థితి మనకు విడమరచి చెప్పవలసిన పని లేదు. హాస్టలుకు పంపడానికి డబ్బు ఉండదు, ఉన్నా పంపడానికి మనసొప్పదు. ఉదయం బస్సెక్కి తరగతికి వెళ్లిన పిల్ల చీకటి పడేలోగా ఇల్లు చేరాలి, తమ్ముళ్లను చూసుకోవాలి, ఇంగ్లీషు రాని అమ్మకు ఆసుపత్రిలోనూ కార్యాలయాలలోనూ దుబాసీ కావాలి. కీన్ కూడా ఇంటి నుంచి వచ్చి చదువుకొని వెళ్లేవారు ఎక్కువగా ఉండే చోటు. పెద్ద భవనం, అందులో కాపురం, శనివారపు విందులు అనే పాత సొరోరిటీల పద్ధతి అటువంటి అమ్మాయికి ఏ విధంగానూ పనికిరాదు. అందుకే ఈ సంఘం భవనం చుట్టూ కాక, మనుషుల చుట్టూ అల్లుకొంది.

సంఘం ఎదిగిన తీరు నన్ను ఆశ్చర్యపరచింది. ఇప్పుడు దేశమంతటా దీనికి వందకు పైగా శాఖలున్నాయి. శాఖలకు గ్రీకు అక్షరాలను వరుసగా పేర్లుగా పెట్టుకుంటూ పోతారు కనుక, ఇరవై నాలుగు అక్షరాలు అయిపోగానే రెండేసి అక్షరాలు జోడించక తప్పలేదు. అయితే లాటినా సొరోరిటీల విస్తరణ అంతా ఒకే దుకాణం ఊరూరా కొట్లు తెరచినట్టు జరగలేదు. తమ ఆవరణలో తమవంటి వారికి చోటు లేదని గుర్తించిన విద్యార్థినులు ఎక్కడికక్కడ సొంత సంఘాలు పెట్టుకొన్నారు. 1980లో న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో కై అప్సిలాన్ సిగ్మా, 1986లో కాలిఫోర్నియాలోని చీకోలో లాంబ్డా థీటా న్యూ, 1987లో టెక్సాస్ టెక్‌లో కప్పా డెల్టా కై, 1990లో అయోవా విశ్వవిద్యాలయంలో సిగ్మా లాంబ్డా గామా పుట్టాయి. (వీటిలో సగం పేర్లను నేను ఇప్పటికీ తారుమారు చేస్తాను, లాంబ్డా థీటా అని మొదలయ్యేవే మూడున్నాయి మరి.) న్యూజెర్సీ వారివి చాలావరకు ప్యూర్టోరికో, క్యూబా మూలాలైతే టెక్సాస్, కాలిఫోర్నియా అమ్మాయిలవి ఎక్కువగా మెక్సికో మూలాలు, బయటివారికి అందరూ లాటినాలే అయినా, తెలుగువారిని, గుజరాతీలను ఒకే గాటన కట్టినట్టే అదీను. 1998లో లాటినో సంఘాలు జాతీయ స్థాయిలో ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి.

ఇక సేవ నాణ్యతకు వస్తాను. అన్ని జాతుల విద్యార్థినులకూ తలుపు తెరిచే ఉంటుంది కనుక తెలుగు అమ్మాయి చేరడానికి అభ్యంతరం లేదు. మార్కుల సగటు నిర్ణీత స్థాయికి తగ్గకూడదు. సమాజ సేవ తప్పనిసరి. జాతీయ స్థాయిలో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రికి విరాళాలు సేకరిస్తారు. ఒకేసారి కలిసి చేరిన బృందాన్ని "లైన్" అంటారు, తోటి సభ్యురాలిని స్పానిష్‌లో "ఎర్మానా", అంటే సోదరి అని పిలుస్తారు. కొత్త సభ్యులను లోకానికి పరిచయం చేసే సభకు మేమూ వెళ్లాము. మెరూన్, బూడిద రంగుల దుస్తులలో అమ్మాయిలు ఒకరి వెనుక ఒకరు నిలబడి, సంఘ చరిత్రను తడుముకోకుండా అప్పజెప్పి, ఆ తరువాత లయకు తగ్గట్టు అడుగులు వేస్తూ "స్ట్రోల్" చేశారు. వరుసగా నిలబడి నడిచే ఈ నృత్యరీతిని, నేలను దద్దరిల్లజేసే "స్టెప్" ప్రదర్శనను నల్లజాతి సొరోరిటీల నుంచి గ్రహించి వీరు తమ సంగీతానికి మలచుకొన్నారు. నా పక్కన కూర్చున్న, మా అమ్మాయి స్నేహితురాలి తల్లి, పనిచేసే చోటి యూనిఫాంలోనే వచ్చి, చివరివరకు ఫోను దించకుండా చిత్రీకరించింది.

నేను చూసిన మేరకు అసలు లాభం సభ తరువాత మొదలయింది. ఆర్థిక సహాయం దరఖాస్తు ఎలా నింపాలో, ఏ అధ్యాపకుని దగ్గరకు ఏ వేళకు వెళ్లాలో, ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకు ఏ దుస్తులు వేసుకోవాలో ఇంట్లో చెప్పేవారు లేని పిల్లకు రెండేళ్లు పెద్దదైన ఎర్మానా చెబుతుంది. మన పిల్లలకు ఈ పని చేసిపెట్టే బాబాయిలు, పిన్నులు ప్రతి వీధిలోనూ ఉన్నారు కనుక దాని విలువ మనకు వెంటనే తట్టదు. చదువు ముగించినవారికి పట్టభద్రుల శాఖలు వేరుగా ఉన్నందువల్ల ఆ తోడు అక్కడితో తెగిపోదు.

లోపాలు లేవని అనను. శాఖలు చిన్నవి, పాత సొరోరిటీలలో ఒక్కొక్క శాఖకు వందల మంది సభ్యులుండగా, ఇటువంటి సంఘాల శాఖలు కొన్నిచోట్ల గుప్పెడు మందితోనే నడుస్తాయి. అయిదుగురు చేయవలసిన పని ఇద్దరి మీద పడితే పరీక్షల వారంలో ఎవరి చదువు దెబ్బతింటుందో ఊహించుకోవచ్చు. ప్రవేశ రుసుము, ప్రతి సెమిస్టరు చందా, సంఘం అక్షరాలు కుట్టిన జాకెట్లు, సమావేశాలకు ప్రయాణాలు అన్నీ కలిపితే, పార్ట్‌టైం ఉద్యోగంతో చదువుకొనే అమ్మాయికి అది చిన్న మొత్తం కాదు. మా అమ్మాయిని పిలిచిన వేరొక సంఘం (అది లాటినా సంఘం కాదు, పేరు అనవసరం) మొత్తం ఖర్చును చివరి వారంలో గాని చెప్పలేదు. కనుక ఎక్కడైనా సరే మొదటి సమావేశంలోనే లెక్క కాగితం మీద అడగాలి.

దీక్షా కాలం పేరిట జరిగే రహస్య వ్యవహారం ఈ సంఘానికే కాదు, గ్రీకు అక్షరాల సంఘాలన్నింటికీ ఉన్న ప్రధాన బలహీనత. తమ బిడ్డ ఆ వారాలలో ఏమి చేస్తున్నదో తల్లికి తెలియకపోవడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు. 1997లోనే ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం చేసిన సంగతి గుర్తున్న మనకు ఈ భయం కొత్తది కాదు. దీక్ష పేరిట కొత్తవారిని వేధించేవారికి న్యూజెర్సీ 2021లో శిక్షలను కఠినతరం చేసింది. 2024 డిసెంబరులో వచ్చిన అమెరికా కేంద్ర ప్రభుత్వ చట్టం ప్రకారం, ఇటువంటి ఉల్లంఘనలకు పాల్పడిన సంఘాల వివరాలను విశ్వవిద్యాలయాలు బహిరంగంగా ప్రకటించాలి. ఏ శాఖలో చేరే ముందైనా ఆ నివేదిక చదవడం నా దృష్టిలో తప్పనిసరి.

మన అమ్మాయిలకు దక్షిణాసియా సొరోరిటీలే ఉన్నాయి కదా అని అడగవచ్చు. లాటినో సమాఖ్య ఏర్పడిన 1998లోనే హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, న్యూయార్క్‌లో సిగ్మా సిగ్మా రో పుట్టాయి. పండుగలు, భాష, తిండి తెలిసినవారే కావాలనుకొంటే అవే తగినవి. విందులు, విడిది భవనం కావాలనుకొనే అమ్మాయికి లాంబ్డా థీటా ఆల్ఫా నిరాశే మిగులుస్తుంది. ఇంటి నుంచి కళాశాలకు వెళ్లివస్తూ, తరగతి ముగియగానే కారెక్కి వచ్చేస్తూ, నాలుగేళ్లలో నలుగురి పేర్లయినా తెలియకుండా పట్టా పుచ్చుకోబోయే అమ్మాయికైతే నేను సందేహించకుండా సిఫారసు చేస్తాను, అయిదింట నాలుగు నక్షత్రాలు ఇస్తాను. మిగిలిన ఒక్క నక్షత్రం ఆ దీక్షా వారాల మీద తెర తొలగించిన రోజున ఇస్తాను.